ఓళిగ ఆపిన ఆపరేషన్

పొద్దున ఏడింటి బస్సులో పుంగనూరు నుంచి మదనపల్లెకు పోతూ ఓబులేసు ఆ రోజు పనులన్నీ వరసగా పేర్చుకున్నాడు. పదింటికి కోత, నాలుగింటికి ఇంటి బాట, ఆరింటికి పాపక్క మాట. చివరిదాని కోసమే మొదటిది. రాగి కోతలో ముందుండేవాడు, మాటల కోతల్లో మొనగాడు, ఒంటి మీద కోతనగానే రెండేళ్లు వాయిదా వేశాడు. హెర్నియా నిమ్మకాయంత ఉన్నప్పుడు భార్య పాపక్క బతిమాలింది. బత్తాయంత అయ్యాక, "కోపిచ్చుకున్నాకే నా మొగం సూడు" అని రామకుప్పంలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఐదు నెలలైంది. పెరట్లో ఆమె చీరలు ఆరిన తీగ మీద ఇప్పుడు ఓబులేసు తువ్వాలు ఒక్కటే ఉసూరుమంటూ ఆరుతోంది. పొయ్యి ఆరింది, నోరు ఆరింది, దిగులు మాత్రం ఆరలేదు.

తోడుగా బావమరిది అంజినప్ప వచ్చాడు, అక్క ఇచ్చిన టిఫిన్ క్యారియర్‌తో సహా. "ఓళిగలు బావా. ఆపరేషను అయినాక తినిపియ్యమంది."

పొద్దున కోసి సాయంత్రానికి ఇంటికి పంపే ఆ ఆసుపత్రిలో సిస్టర్ గ్లోరీ కాగితం దాటి చీమ కూడా లోపలికి పోలేదు. ఉంగరం తీయించింది. కోయాల్సిన వైపు పెన్నుతో గుర్తు పెట్టింది. సాయంత్రం తీసుకుపోయే మనిషిగా అంజినప్ప చేత సంతకం పెట్టించింది. "పిలిచేదాకా ఈడే కూసోండప్పా" అంది.

అంజినప్ప బీడీకి బయటికి పోయాడు. బెంచీ మీద క్యారియరూ ఓబులేసూ మిగిలారు. బొబ్బట్ల బెల్లం, యాలకులు, నెయ్యి. ఐదు నెలల తర్వాత ఆ చేతి వాసన. మూత తీసింది చూడటానికే. ముట్టుకున్నది మెత్తగా ఉందేమోనని. ఆ తర్వాత జరిగింది ఓబులేసుకే సరిగ్గా తెలియదు.

"రాత్రి నించి ఏమన్నా తింటివా అప్పా?" అని గ్లోరీ చివరి ప్రశ్న అడిగింది.

"లేదు సిస్టర్."

"మరి మీసానికి నెయ్యి యాల పూసుకుంటివి?"

"ఒకటే తింటినమ్మా." ఆమె క్యారియర్ వైపు చూసింది. "మూడు" అన్నాడు.

"మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతాది. పానానికే మోసం. ఈ పొద్దు కోసేది లేదు. వచ్చే మంగళవారం రా."

అంజినప్ప కంగారుగా అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, బావను కొయ్యమనిరి. ఇంటికి తీసకపొమ్మనిరి." అంతే, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.

ఆసుపత్రివాళ్లు కొయ్యకుండా ఇంటికి తీసుకుపొమ్మన్నారంటే రామకుప్పంలో దానికి ఒకటే అర్థం: మనిషి ఇక లేడని.

ఒళ్లు కోయించుకోకుండా ఆరింటికి పాపక్కకు ఎదురుపడడానికి మొహం చెల్లక, ఓబులేసు అంజినప్పను వెంటేసుకుని మధ్యాహ్నమంతా టమోటా మార్కెట్టు దగ్గర తచ్చాడాడు. చివరికి సాయంత్రం ఊరికి వచ్చేసరికి ఇంటి ముందు షామియానా. చావు పలకలు. మధ్యలో పాపక్క.

"నా బంగారు సామీ! ఒక్క పొద్దన్నా నన్ను ఒక మాట అన్నోడు కాదే! తిండి పెట్టకుండా పోతినే, పాపిష్టిదాన్ని!"

ఓబులేసు గోడ చాటున ఆగిపోయాడు.

"రా బావా, లోపలికి పోదాం."

"ఉండప్పా. ముప్పై ఏండ్లకు మొదటిసారి వింటాండా. ఇంగ రెండు మాటలు."

పలక కొట్టేవాడు తలెత్తి చూశాడు. పుల్ల జారిపోయింది. పాపక్క పరుగెత్తుకొచ్చి మొగుడి మొహం తడిమింది, చెంపలు తడిమింది, తర్వాత చొక్కా పట్టుకుంది.

"యాల కొయ్యలేదు?"

"నీ ఓళిగలు తింటి. కడుపు కట్టుకోగలిగితి గానీ, ఆ వాసన వచ్చినాక మనసు కట్టుకోలేకపోతినే."

పాపక్క చొక్కా వదిలేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, ఇందాక ఎత్తిన సుగుణాలన్నీ ఒక్కొక్కటే దించేసింది. షామియానావాడు మధ్యలోనే గుంజలు పీక్కుపోయాడు. చీకటి పడేసరికి పెరట్లో తీగ మీద తువ్వాలు పక్కన చీర చేరింది.

మంగళవారం సంతకం పెట్టే మనిషిగా పాపక్కే వచ్చింది. గ్లోరీ కాగితం తీసింది.

"చివరగా ఏం తింటివప్పా?"

"తిట్లు, సిస్టర్. బస్సు దిగేదాకా."

గ్లోరీ పాపక్క మొహం ఒకసారి చూసి, 'కడుపు ఖాళీ' అని రాసుకుంది.