బియ్యం నిండుకున్న ఇల్లు

మదీనాగూడలోని తమ ఫ్లాటులో వంటింటి పరిపాలనను పూర్తిగా ఆధునికీకరించినట్లు నరేందర్ ఒక ఆదివారం ఉదయం, ఇడ్లీలు తింటూ ప్రకటించాడు. ప్రకటన వినడానికి భార్య జ్యోత్స్న, అత్తగారు పుణ్యవతి, ఇంకా కూర్చోవడం రాని కూతురు హాజరయ్యారు. అభ్యంతరాలు ఎవరూ తెలపలేదు. కూతురు మాత్రం ఏడ్చింది.

నరేందర్‌కు ఒక సొంత వికీ ఉంది. సొంత వికీ అంటే మనిషి తన గురించి తానే రాసుకుని, తానే చదువుకుని, తానే మెచ్చుకునే విజ్ఞాన సర్వస్వం. అందులో ఇప్పుడు వంటింట్లోని ప్రతి సరుకుకూ ఒక పేజీ ఏర్పడింది. ఉప్పు పేజీ చివర ‘ఇవి కూడా చూడండి’ అన్న శీర్షిక కింద బీపీ ఉంది. ఇంగువ అజీర్తికి మంచిదని పుణ్యవతి చెప్పిన మాట పక్కన ‘ఆధారం చూపవలెను’ అని ఉంది. ఏ సరుకు అయిపోతే అది తనంతట తానే కొనుగోలు జాబితాలోకి ఎక్కుతుంది, దుకాణానికి కబురు వెళ్తుంది, డబ్బు చెల్లుతుంది. నిల్వ ఉన్న సరుకును ఎవరూ కొనలేరు. జ్యోత్స్న ఒకసారి జీలకర్ర ఉండగానే జీలకర్ర కొన్నందువల్ల ఈ నిబంధన అవసరమైంది. మిగతా కొనుగోలు యాప్‌లన్నీ ఇద్దరి ఫోన్లలోంచి తొలగించారు.

వంటింటి గోడకు ఒక పాత ఫోను తగిలించారు. సరుకుల సంగతి మనుషులకు కాకుండా దానికి చెప్పాలి.

శుక్రవారం రాత్రి పుణ్యవతి అలవాటు కొద్దీ అల్లుడికి చెప్పబోయింది. “బాబూ, బియ్యం...”

“నాకు చెప్తే ఏం లాభం అత్తమ్మా? ఫోనుకు చెప్పండి. రికార్డుల ఉండాలె.”

పుణ్యవతి గోడ వైపు తిరిగి, కొంగు సవరించుకుని, “బియ్యం నిండుకున్నాయండి” అంది.

ఆమె తెనాలి వైపు మనిషి. బియ్యం, ఉప్పు, పప్పు లాంటివి ‘లేవు’ అనడం ఇంటికి మంచిది కాదని ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. డబ్బా అడుగు కనిపించినా ‘నిండుకున్నాయి’ అనే అంటారు. ఫోనుకు ఆ మాట కొత్త. అర్థం చెప్పమని నరేందర్‌ను అడిగింది. నరేందర్ ఆలోచించాడు. నిండు కుండ. నిండు చందమామ. నిండు నూరేళ్లు. అన్నీ పరిశీలించి, ఆ మాటను ‘నిల్వ ఉంది’ అనే వర్గంలో చేర్చాడు. బియ్యం పేజీ పచ్చబడింది.

శనివారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. బిర్యానీ పొట్లాలు వస్తాయి. కనుక డబ్బా మూత ఎవరూ తీయలేదు. అయినా మర్నాడు పాపకు అన్నప్రాశన కాబట్టి పుణ్యవతి మళ్లీ ఫోను ముందు నిలబడి, “బియ్యం పూర్తిగా నిండుకున్నాయి” అని గట్టిగా చెప్పింది. వికీ దాన్ని అధిక నిల్వగా గుర్తించి, నెలనెలా వచ్చే బియ్యం బస్తాను రద్దు చేసింది. పొదుపు సాధించినందుకు నరేందర్‌కు అభినందన సందేశం పంపింది.

ఆదివారం నరేందర్ మేనత్త రుక్కమ్మ హఫీజ్‌పేట్ నుంచి ఆటోలో దిగింది. వెండి గిన్నె వచ్చింది. పాపకు పట్టులంగా కట్టారు. ముహూర్తం దగ్గర పడింది. పాలు మరిగాయి. రుక్కమ్మ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మూత పెట్టింది.

“ఏందిరా నరేందరూ, బియ్యమేవి?”

“ఉన్నయత్తా. ఇగో చూడు, పచ్చగుంది.”

“ఫోన్ల ఉన్నయా? మరి ఫోన్లకెళ్లి రెండు పిడికిళ్లు ఈ గిన్నెల పొయ్యి.”

“నేను మొన్నట్నించీ చెబుతూనే ఉన్నానండి, నిండుకున్నాయని” అంది పుణ్యవతి.

“నిండినయంటే ఉన్నట్టే కద అత్తమ్మా?”

జ్యోత్స్న అంది: “నిండుకున్నాయంటే అయిపోయాయని, నరేందర్. తెలుగు చదవలేదా నువ్వు?”

“ఇంటర్ల సంస్కృతం తీసుకున్న. తొంభై తొమ్మిది వచ్చినయ్” అన్నాడు నరేందర్.

వెంటనే బియ్యం కొనబోయాడు. ‘నిల్వ ఉన్న సరుకు కొనుటకు అనుమతి లేదు’ అని వికీ తెలియజేసింది. ఆ వాక్యం అతను రాసిందే. సవరించడానికి ల్యాప్‌టాప్ తెరిచాడు. “జర ఆగండి, అయిపోతది” అన్నాడు.

“ముహూర్తం కూడ అయిపోతది” అని రుక్కమ్మ గ్లాసు పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టింది. వాళ్లకు వికీ లేదు, బియ్యం ఉన్నాయి. పాప తొలిముద్ద అరువు బియ్యంతో, ఘడియ దాటకముందే తిన్నది. ఫొటోలో నరేందర్ వెనక సోఫాలో ఉన్నాడు. ముఖం ల్యాప్‌టాప్ వెనక ఉంది.

ఆ వారం మాదాపూర్‌లోని తన ఆఫీసులో అతను ఈ అనుభవం మీద ప్రసంగించాడు. “మిత్రులారా, వ్యవస్థ విఫలం కాలేదు. చెప్పింది చెప్పినట్టు నమోదు చేసింది. లోపం వాడుకరిలో ఉంది. వాడుకరికి శిక్షణ ఇవ్వాలి” అన్నాడు. చప్పట్లు మోగాయి.

వాడుకరి శిక్షణకు ఒప్పుకోలేదు. “పసిబిడ్డ ఉన్న ఇంట్లో లేవు అన్న మాట నా నోటివెంట రాదు బాబూ. మీ ఫోనుకే నాలుగు తెలుగు ముక్కలు నేర్పించుకోండి” అంది పుణ్యవతి. ఫోనుకు నేర్పించే పనిని నరేందర్ తర్వాతి విడతకు వాయిదా వేశాడు.

ఆ రాత్రి జ్యోత్స్న వికీలో ఒక కొత్త పేజీ తెరిచింది. శీర్షిక: తెలుగు. స్థితి: నిండుకుంది. పేజీ వెంటనే పచ్చబడింది. నరేందర్ చూసి, ఆమె కూడా వికీ వాడుతున్నందుకు సంతోషించాడు.

ప్రసంగం విన్నవారిలో చాలామంది ఆ వికీని ఉన్నదున్నట్టు తమ ఇళ్లకు దించుకున్నారు. మాదాపూర్ నుంచి మదీనాగూడ దాకా ఇప్పుడు ఎన్నో వంటిళ్ల గోడల మీద అది పనిచేస్తోంది. జ్యోత్స్న తెరిచిన పేజీ కూడా దానితోపాటే వెళ్లింది. అన్ని ఇళ్లలోనూ అది పచ్చగానే ఉంది. కొత్తగా తెచ్చుకోవలసిన అవసరం లేదని దాని కింద రాసి ఉంది.