పొంగని టీ మహాభాగ్యం

టీలో టీ లేకపోవడం ఈ కాలం మనకిచ్చిన గొప్ప వరం!

ఈ మాట నేను కోపంగా అనడం లేదు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నిండు మనసుతో అంటున్నాను. పాలు, పంచదార, టీపొడి అనే మూడు బంధాల్లో పడి సగం జీవితం గడిపేసినవాణ్ణి నేను. ఆ బంధాలు తెగాయి. తెంపిన పుణ్యాత్ముడు మా బావమరిది.

మా ఆవిడ తమ్ముడైన ఈ పుణ్యాత్ముడు మా వీధి చివర టీకొట్టు పెట్టాడు. టీకొట్టు అంటే బాధపడతాడు లెండి. దాని పేరు ‘టీ స్టూడియో’. నేల నుంచి పైకప్పు దాకా గాజుసీసాలు. వాటి నిండా ఎండిన పూలు, ఎండిన తొక్కలు, ఎండిన వేళ్లు, ఏ చెట్టువో తెలియని పుల్లలు. మొదటిరోజు నేను అక్కడ కూర్చోగానే అలవాటు కొద్దీ చెయ్యి చాపాను, నాడి చూస్తారేమోనని.

షాపులో పెట్టే ప్రతి రకాన్నీ ముందు మా ఇంట్లో మా మీద ప్రయోగిస్తాడు. తాగి ఊరుకుంటే చాలదు, అనుభూతి చెప్పాలి.

“బావా, ‘బాగుంది’ అనకు. ఏం కనిపించిందో చెప్పు.”

“కళ్లు మూసుకోమన్నది నువ్వే కదోయ్! ఇంకేం కనిపిస్తుంది?”

“అబ్బా, లోపల! కొండ కనిపించిందా? పొగమంచు కనిపించిందా?”

నాకు కనిపించింది మా పాత స్టీలు గ్లాసు, దాని అంచు మీద మీగడ. ఆ సంగతి చెబితే పక్కనే నిలబడ్డ మా ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని “పొగమంచే” అన్నాను. తమ్ముడు మురిసిపోయాడు. అక్క నావైపు ఓ చూపు చూసి ఖాళీ కప్పు తీసుకెళ్లింది.

పాల టీ తాగితే నాలుక మొద్దుబారిపోతుందట. మొద్దు నాలుకకు పొగమంచు అందదట. అందుకని మా ఇంట్లో పాల టీ రద్దయింది. టీపొడి డబ్బా అటకెక్కింది. స్టవ్ పక్కకు కరెంటు కెటిల్ ఒకటి వచ్చి కూర్చుంది. దానితోపాటు, లోపల పూలు విచ్చుకుంటుంటే చూడడానికని ఒక గాజు టీపాట్ కూడా బహుమతిగా వచ్చింది.

ఇక లాభాలు వినండి.

మొదటిది వైరాగ్యం. పూర్వం కోరికలను జయించడానికి అడవులకు వెళ్లి ఆకులు నమిలేవారు. ఇప్పుడా ఆకులే అందమైన పెట్టెలో ఇంటికొస్తున్నాయి! ఒకప్పుడు నిద్రలేస్తూనే “టీ” అని నాలుక పీకేది. ఇప్పుడు పీకదు. కప్పు చూడగానే మనసు శాంతించి, లోకంలో ఆశించదగ్గది ఏమీ లేదని తెలుసుకుంటుంది. ఇంత తక్కువ సాధనతో ఇంత నిరాశ ఇంకెక్కడైనా దొరుకుతుందా?

రెండోది సత్యం. ఏది తాగినా ముందు దేవుడి ముందు పెట్టి, “స్వామీ, ఇది ఫలానా” అని చెప్పి తాగడం నా అలవాటు. ఒకరోజు “స్వామీ, టీ” అని పెట్టాక పెట్టె మీద అక్షరాలు చదివాను. అందులో టీ ఆకు లేదని రాసి ఉంది! దేవుడి ముందు అబద్ధమాడినట్టయింది కదా! మర్నాటి నుంచి పెట్టె మీద ఉన్నదంతా చదివి వినిపిస్తున్నాను. కమలా తొక్క, కొన్ని ఎండు పూలు, ‘ప్రకృతిని పోలిన సువాసన’... ఇలా చదివేసరికి కప్పు చల్లారిపోతుంది. దేవుడు మాత్రం ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు. ఆయనకు అనుభూతి చెప్పాల్సిన పని లేదు కదా, అదృష్టవంతుడు!

రుచుల సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి.

మల్లెల టీ తాగితే, ఒంటినిండా సెంటు కొట్టుకున్న మనిషితో లిఫ్టులో ఇరుక్కుపోయినట్టుంటుంది. పుదీనా టీ అంటే పళ్లు తోముకుని పుక్కిలించిన నీళ్లు పొరపాటున మింగడమే. పొగబెట్టిన టీ ఒకటుంది. తడి కట్టెల పొయ్యి ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే ఖర్చు లేకుండా అదే ఫలితం వస్తుంది. తెల్ల టీ గురించి నేను చెడుగా చెప్పను. అది నీళ్లే, కానీ చాలా మర్యాద గల నీళ్లు.

ఫ్లేవర్లు వద్దు, సంప్రదాయమే కావాలంటారా? అదీ ఉంది. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ. చలికొండల మీద గొర్రెలు కాచుకునేవారు తాగుతారట. వాళ్లకు చలి ఉంది, గొర్రెలున్నాయి. మాకు ఉన్నది సీలింగ్ ఫ్యాన్. మా అత్తగారు ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించి, కొడుకును అడిగింది.

“బాగానే ఉందిరా నాయనా. ఇందులోకి నంజుకోడానికి ఏమైనా తెచ్చావా?”

“అమ్మా, అది టీ!”

“నేను కాదన్నానా? నంజుకోడానికి తెచ్చావా అనే అడిగాను.”

ఆఫీసులోనూ ఇదే అభివృద్ధి. మా సెక్షన్‌లో ఒక యంత్రం పెట్టారు. దానికి బోలెడు బటన్లు. నిమ్మ, అల్లం, యాలకులు, మసాలా, ఆ కింద టమాటా సూప్. ఏ బటన్ నొక్కినా టీ దాని వాసనతోనే వస్తుంది గాని, చివరి గుక్కలో టమాటా పలకరిస్తుంది. మా క్యాషియర్ తెలివైనవాడు. సూప్ బటనే నొక్కేస్తాడు. “ఎలాగూ వచ్చేదే కదండీ, ముందే పిలిస్తే పోలా?” అంటాడు.

మరో లాభం చుట్టాలు. పూర్వం చుట్టాలొస్తే ఒక టీ, కబుర్లు, ఇంకో టీ, ఇంకొన్ని కబుర్లు. ఇప్పుడు ఆడపడుచు వచ్చినా, పక్కింటివాళ్లు వచ్చినా మందార టీ ఇస్తున్నాం. ఎర్రగా, పుల్లగా ఉంటుంది. రెండో కప్పు అడిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. “అయ్యో, స్టవ్ మీద ఏదో పెట్టి మరిచిపోయానండీ” అని లేచిపోతారు. చుట్టాలందరికీ ఒక్కసారే ఇంత మతిమరుపు ఎలా వచ్చిందా అని మేం బాధపడుతున్నాం.

అన్నిటికన్నా గొప్ప వరం మాత్రం ఆ కెటిల్.

పాల టీ ఎంత దండగమారి పనో ఎప్పుడైనా ఆలోచించారా? పాలు స్టవ్ మీద పెట్టాలి. పొంగకుండా కాపలా కాయాలి. మా ఇంట్లో ఇన్నేళ్లూ ఆ కాపలాకు రోజూ ఇద్దరం నిలబడ్డాం. గిన్నె చిన్నది. మంట చిన్నది. అయినా ఇద్దరు మనుషులు! ఆవిడ గరిటె పట్టుకుంటే నేను పట్టకారు పట్టుకునేవాణ్ణి. ఊరికే నిలబడలేక ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం. పిల్లదాన్ని ఏ బడిలో వెయ్యాలో, అత్తగారిని మా దగ్గరే ఎప్పటికీ ఉండిపొమ్మని ఎలా అడగాలో, నేను ఆఫీసులో ఎవరితో పోట్లాడానో, అందులో తప్పెవరిదో... అన్నీ ఆ గిన్నె ముందే తేలాయి. ఎంత సమయం వృథా!

కెటిల్‌కు కాపలా అక్కర్లేదు. నీళ్లు పోసి మీట నొక్కితే చాలు. కాగగానే టక్‌మని అదే ఆగిపోతుంది. ఎవరి కప్పు వారిది, ఎవరి పొట్లం వారిది, ఎవరి గది వారిది. ఆవిడకు నిమ్మగడ్డి, నాకు చామంతి.

“ఏమండీ, మీతో ఒక మాట...” అని మొదలుపెడుతుంది మా ఆవిడ.

టక్!

“ఆ, చెప్పు.”

“ఏం లేదులెండి, మీ టీ చల్లారిపోతుంది.”

అంతే. క్షణంలో పని అయిపోతుంది. కొద్దివారాలుగా రోజూ ఆ ఒక్క మాట మొదలవుతోంది, రోజూ టక్‌మంటోంది. ఆ మాట ఏమిటో నాకు తెలియలేదు. అడుగుదామనుకునేసరికి ఆవిడ తన కప్పుతో వరండాలో ఉంటుంది, నేను నా కప్పుతో దేవుడి ముందు కమలా తొక్కల పేర్లు చదువుతుంటాను. సౌకర్యానికి ఇంతకన్నా నిదర్శనం కావాలా?

ఇలా సుఖంగా సాగిపోతుండగా మొన్న ఆదివారం మా బావమరిది వచ్చాడు. వస్తూనే వంటగది గట్టు మీది గాజు టీపాట్ చూశాడు. అందులో నీళ్లు, నీళ్లలో పసుప్పచ్చని పూరేకులు. వాడి మొహం వెలిగిపోయింది.

“బావా, నువ్వే కలుపుకున్నావా! సొంతంగా! నాకు చెప్పనేలేదే!”

ఆ టీపాట్ సంగతి నాకేమీ తెలియదు. మా ఆవిడ కలిపిందేమో అనుకున్నాను. వాడు కెటిల్‌లోంచి కాస్త వేణ్ణీళ్లు కలిపి రెండు కప్పుల్లో పోశాడు. నేను దేవుడికి చూపించి, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాను.

చెప్పొద్దూ, ఇన్ని రకాల్లో మొదటిసారి నాకు నిజంగానే ఏదో కనిపించింది.

“చాలా ప్రశాంతంగా ఉందోయ్. కళ్లు మూసుకుంటే దేవుడి ముందు కూర్చున్నట్టే ఉంది.”

“అదీ! అదీ అనుభూతంటే!” అని వాడు కప్పు ఊపి, పీల్చి, నోట్లో అటూ ఇటూ తిప్పాడు. “ముందు చామంతి. మధ్యలో మట్టి. చివర్లో పొగ... సన్నటి, తియ్యటి పొగ. ఇది మామూలు పొగ కాదు బావా, గంధపు చెక్క! అక్కా, ఎక్కడిదే ఇది? నా షాపులోనే లేదు!”

అప్పుడే లోపలికొచ్చిన మా అత్తగారు ఖాళీ అయిన టీపాట్ చూసి బుగ్గలు నొక్కుకుంది.

“ఓరి నీ దుంపతెగ! అవి నిన్న దేవుడి దగ్గర తీసిన పూలురా! కుండీలో మొక్కకు పొయ్యాలని అక్క నానబెట్టింది!”

దేవుడి పూలు చెత్తలో పడేయకూడదని, నీళ్లలో నానబెట్టి మొక్క మొదట్లో పోయాలని మా ఇంట్లో నియమం. పెట్టినవాణ్ణి నేనే. చేతికందింది కదా అని మా ఆవిడ ఆ పనికి గాజు టీపాట్ వాడింది. ఆ గంధపు పొగ అగరుబత్తి నుసి.

బావమరిది కప్పులోకి చూశాడు. నేను పైకి చూశాను. అయినా దిగులుపడలేదు. మేం తాగిన ఇన్ని టీల్లో నిజంగా దేవుడి పాదాల దగ్గర ఉండి వచ్చింది అదొక్కటే కదా!

“పోనీలేరా,” అంది అత్తగారు. “మొక్కయినా బతికింది.”

అప్పుడు మా ఆవిడ నవ్వింది. గట్టు పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ వంటగదిలో ఆ నవ్వు విని!

మర్నాడు పొద్దున నేను కెటిల్ మీట నొక్కబోతుంటే వెనకనుంచి పిలుపు.

“ఏమండీ, అది వదిలెయ్యండి. పాలు పెట్టాను. పొంగకుండా కాస్త చూస్తుండండి.”

స్టవ్ మీద చిన్నగిన్నె. అటక దిగిన టీపొడి డబ్బా. నన్ను చూస్తుండమన్న మనిషి తను కూడా గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది. నేను పట్టకారు అందుకున్నాను.

“చిన్నపిల్లల బడివాళ్లు మళ్లీ పాఠాలు చెప్పడానికి రమ్మంటున్నారండీ,” అంది పాలవైపే చూస్తూ. “వెళ్లనా? ఎన్నాళ్లుగానో మీకు చెప్పాలని...”

“ఇంతకాలం చెప్పలేదేం?”

“ఎక్కడ చెప్పనిస్తోంది అది? నోరు తెరిస్తే టక్‌మంటుంది!”

ఒకప్పుడు ఆ బడిలో తను పాటలు నేర్పిన పిల్లల గురించి చెప్పింది. మధ్యాహ్నం అత్తగారికి భోజనం ఎలా అని తను అడిగితే, నా డ్యూటీ ఎలా మార్చుకోవచ్చో నేను చెప్పాను. “నిజంగా మార్చుకుంటారా?” అంది. “నిజంగానే” అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం.

సుయ్యిమంది. స్టవ్ నిండా పాలు.

“ఇద్దరు మనుషులు నిలబడి చూస్తూ కూడా పాలు పొంగించారా!” అని గదిలోంచి అత్తగారి కేక.

చూశారా పాఠకులారా? అందుకే నేను మొదటినుంచీ చెబుతున్నాను. కెటిల్ అయితే ఈ నష్టం జరిగేదే కాదు. ఆ స్టవ్ తుడవడానికి మళ్లీ ఇద్దరం కావలసివచ్చింది. తుడిచేసరికి నాకు ఆఫీసు ఆలస్యమైంది.

కాబట్టి ఫ్లేవర్ టీలు తప్పకుండా కొనండి. మా బావమరిది దగ్గరే కొనండి, వాడు మంచివాడు. కొని, వచ్చినవాళ్లకు ఇవ్వండి.