చీరాలలో జీపు బేరం

ఆదివారం పొద్దున్నే చీరాల వెళ్ళి జీపు చూసి, నచ్చితే బయానా ఇచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలని శ్రీకృష్ణ ప్లాను వేసుకున్నాడు.

అతనిది పర్చూరు అవతల ఊరు. ఆరెకరాల మిరప తోట. ఊరికీ తోటకీ మధ్య కిలోమీటరున్నర నల్లరేగడి దారి. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ దారి మనిషి కాళ్ళ చెప్పులు ఊడబీకి తన దగ్గరే ఉంచుకుంటుంది. పోయినేడు కల్లంలో కాయ ఆరబోసి ఉండగా అకాలవర్షం ముంచుకొచ్చింది. కాయ మీద కప్పడానికి టార్పాలిన్ పట్టాలు వేసుకుని బయల్దేరిన ట్రాక్టరు సగం దారిలో ఇరుసుదాకా దిగబడిపోయింది. తడిసిన కాయ నల్లబడి తాలుకాయల రేటుకి పోయింది. ఈ ఏడు కోతలు మొదలయ్యేలోగా ఎంత బురదనైనా తొక్కుకుపోయే బండి కొనితీరాలని శ్రీకృష్ణ పంతం పట్టాడు. ఫోనులో చీరాల జయరావు గారి జీపు ఫొటో చూసినప్పటినుంచీ అతనికి అన్నం సహించడం లేదు. ఆరంగుళాలు ఎత్తు లేపిన ఒళ్ళు, ట్రాక్టరు టైర్లతో పోటీపడే టైర్లు, నెత్తిమీద వరసగా ఆరు లైట్లు.

"ఎవరెవరో కోసి అతికించిన పాత బండండీ అది. ఇమాం హుస్సేన్ గారిని తీసుకెళ్ళండి. ఆయన ఊఁ అంటేనే బయానా" అని భార్య నాగజ్యోతి ముందే గిరి గీసింది.

ఇమాం హుస్సేన్ పర్చూరులో మెకానిక్కు. శ్రీకృష్ణతో పదోతరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నవాడు.

"ఎన్నింటికి రమ్మన్నాడ్రా ఆయన?"

"తొమ్మిదింటికి."

"అయితే ఏడింటికే వెళ్దాం. మనం వెళ్ళేసరికి ఇంజను వేడెక్కించి పెడతారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని రోగం బయటపడుద్ది. నేను కింద దూరి ఛాసిస్ చూస్తా. నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు డైరీలో రాసుకో. ముఖ్యంగా నవ్వొద్దు. నీ ఆశ మొహంలో కనపడిందంటే రేటు పెరుగుద్ది."

ఇమాం హుస్సేన్ ఎప్పటిలాగే ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకున్నాడు. రిపేరు పూర్తయిన ఒక తెల్ల అంబాసిడర్ షెడ్డులో ఉంటే, ట్రయలు చూసినట్టు ఉంటుందని దాన్ని తీశాడు. ఏడు కొట్టేసరికి ఇద్దరూ చీరాలలో మరమగ్గాలు టకటకలాడుతున్న ఒక సందులో దిగారు.

జీపు మేడ ముందే ఉంది. ఇమాం హుస్సేన్ ఎవరినీ పలకరించకుండా వెల్లకిలా పడుకుని దాని కిందికి దూరాడు. శ్రీకృష్ణ మొహం గంటు పెట్టుకుని, డైరీ తెరిచి నిలబడ్డాడు. ముగ్గుగిన్నెతో బయటికొచ్చిన పెద్దావిడ వాళ్ళను చూసి ఆగిపోయింది. ఆవిడ జయరావు తల్లి కోటిరత్నం.

"ఎవరు బాబూ?"

"బండి చూడ్డానికి వచ్చామండీ. సీ బుక్కు ఉందా?"

మేడమీద నోట్లో బ్రష్షుతో నిలబడిన మనిషెవరో చటుక్కున తల వెనక్కి లాక్కున్నాడు. కోటిరత్నం లోపలికి పరుగెత్తింది. గుసగుసలు వినిపించాయి. ఆవిడ తిరిగొచ్చి, "ఆ బండి మాది కాదు బాబూ. ఎవరో పెట్టిపోయారు" అంది.

శ్రీకృష్ణ బండి దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. అమ్ముతానన్నవాడి ఇంటిముందే ఉన్న బండి వాళ్ళది కాదంటే, ఇది కచ్చితంగా దొంగబండి!

ఇంతలో ఎదురింటి యేసుపాదం లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. అతనిది టైర్ల షాపు.

"కేసు రాస్తున్నారా సార్?"

"నిజం చెబితే రాయం" అన్నాడు శ్రీకృష్ణ, దొంగబండి గుట్టు లాగుదామని.

ఆ ఒక్క మాటకి యేసుపాదం గడగడా మొదలుపెట్టాడు. "నేను వేసింది టైర్లొక్కటే సార్. స్టీరింగు తిప్పితే రాసుకుంటాయని అప్పుడే చెప్పా. ఎత్తు లేపింది వేరేవాళ్ళు. ఛాసిస్ కోసి వెల్డింగు పెట్టింది ఇంకొకళ్ళు. ఇంజను కూడా వేరే బండిది. సీ బుక్కులో ఇవేవీ ఎక్కించలేదు."

"కరెక్టే!" అని జీపు కిందనుంచి కేక. "వెల్డింగు కనపడుతోంది, రాసుకో. అడుగు రేకంతా తుప్పు. ఉప్పునీళ్ళలో తిప్పారు."

"ప్రతి ఆదివారం మావాడు సముద్రంలో దింపి ఆడిస్తాడు బాబూ" అని కోటిరత్నం కళ్ళొత్తుకుంది. "వద్దంటే వింటాడా!"

శ్రీకృష్ణ రాసుకుంటూనే ఆశ్చర్యపోయాడు. అమ్మేవాళ్ళు అడక్కుండానే ఇన్ని లోపాలు చెప్పడం అతను ఎక్కడా చూడలేదు. ఈలోగా సందు చివర ఒక ఆటోవాలా తన గాలి హారను ఊడదీసి గోనెసంచిలో దాచుకుంటున్నాడు. ఇంకొకతను పొట్టి సైలెన్సరున్న మోటారుసైకిలుని స్టార్టు చేయకుండా నడిపించుకుపోతున్నాడు. ఇదంతా శ్రీకృష్ణకి అంతుపట్టలేదు. అసలు సంగతి తేల్చుకుందామని జయరావుకి ఫోను చేశాడు.

"అన్నా, ఇప్పుడు రావద్దు" అని జయరావు గొంతు తగ్గించి అన్నాడు. "ఇంటిముందు ఆర్టీవో ఆఫీసు బ్రేక్ ఇనస్పెక్టర్లు ఉన్నారు. నేను మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నా."

శ్రీకృష్ణ కంగారుగా అటూ ఇటూ చూశాడు. "నేను మీ ఇంటి ముందే ఉన్నానండీ. నాకెవరూ కనపట్టం లేదే! ఎలా ఉన్నారు?"

"ఖాకీ బట్టలాయన బండి కింద ఉన్నాడు. పక్కన బట్టతలాయన డైరీ పట్టుకుని ఫోను మాట్లాడుతున్నాడు."

శ్రీకృష్ణ మెల్లగా తల తడుముకున్నాడు.

రెండు నిమిషాల్లో జయరావు మూతికి నురుగుతోనే కిందికొచ్చాడు. "మీరా అండీ! ఎంత భయపెట్టారు! ఇందాక వీళ్ళు చెప్పినవన్నీ కేసు భయంతో అన్న మాటలు, పట్టించుకోకండి. యేసుపాదానికి వెల్డింగంటే ఏంటో తెలీదు. మా అమ్మకి సముద్రమంటే పడదు" అంటూ బండి చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడే గళ్ళచొక్కా వేసుకున్న ఒకాయన స్కూటరు దిగి వచ్చి, బానెట్ మీద చెయ్యి వేశాడు. "బాగుందే! ఇంజను దీనిదేనా?"

ఇంకో గిరాకీ తగిలేసరికి జయరావు మొహం వెలిగిపోయింది. "కాదండీ, పెద్ద ఇంజను వేయించా. చూసి ఎవరూ చెప్పలేరు. ఛాసిస్ కూడా అంతే, కోశామని కనిపెట్టే మొనగాడు ఈ జిల్లాలో లేడు. హారను వినండి." నొక్కాడు. అరుగుమీది పిల్లి గోడెక్కింది. గళ్ళచొక్కా మనిషి భలే భలే అన్నాడు.

శ్రీకృష్ణ చేతిలో పద్నాలుగు లోపాలు స్వహస్తాలతో రాసిన డైరీ ఉంది. అయినా పరాయి మనిషి చెయ్యి ఆ బానెట్ మీద పడగానే అతను ఇమాం హుస్సేన్‌ని జీపు కిందనుంచి బయటికి లాగాడు.

"ఒరేయ్ ఇమాం, చేజారిపోయేటట్టుంది రా!"

"పోనివ్వరా! నడుం విరిగిన బండి అది."

"వెల్డింగే కదా, మళ్ళీ పెట్టించుకుందాం." ఇమాం హుస్సేన్ చెయ్యి పట్టుకుని ఆపేలోపే శ్రీకృష్ణ జేబులోంచి కవరు తీశాడు. "జయరావు గారూ, బయానా తీసుకోండి!"

"ఒక్క నిమిషం" అన్నాడు గళ్ళచొక్కా మనిషి. "సీ బుక్కు చూపించండి."

"మీరు కూడా తీసుకునేటట్టున్నారా అండీ?" అని జయరావు ఆశగా అడిగాడు.

"తీసుకునేటట్టే ఉన్నా." ఆయన జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. "బ్రేక్ ఇనస్పెక్టర్ని. పక్క వీధిలోనే ఉంటా. ఎవరో దొంగ ఇనస్పెక్టర్లు తెల్ల అంబాసిడర్లో వచ్చి జనాన్ని బెదిరిస్తున్నారని ఫోనొస్తే, ఆదివారమని కూడా చూడకుండా వచ్చా."

శ్రీకృష్ణ కవరు జేబులోకి తోసేసి, "మేం ఇనస్పెక్టర్లమని ఎవరితోనూ అనలేదు సార్! మిరప రైతుని" అంటూ తోట దారి దగ్గర్నుంచి తడిసిన కాయల దాకా మొత్తం ఏకరువు పెట్టాడు. ఆయన డైరీ అందుకుని ఆసాంతం చదివాడు.

"మా ఆఫీసులో కూడా ఇంత వివరంగా ఎవరూ రాయరు" అని ఆ పద్నాలుగూ తన రిపోర్టులోకి ఎక్కించుకున్నాడు. డైరీ తిరిగిచ్చేస్తూ, "మాది కూడా నల్లరేగడి ఊరేనయ్యా. ఈ బండి బరువుకి ఆ బురదలో ట్రాక్టరు కన్నా ముందు దిగబడుద్ది. ఆ డబ్బుతో దారికి కంకర తోలించుకో" అన్నాడు.

శ్రీకృష్ణ పక్కకి వెళ్ళి నాగజ్యోతికి ఫోను చేశాడు. "జీపు వద్దులే. దారికి కంకర తోలిద్దాం అనుకుంటున్నా."

"రెండేళ్ళనుంచీ నేను మొత్తుకుంటోంది అదే కదండీ!" అంది నాగజ్యోతి.

కాసేపటికి లాగుడు బండి వచ్చి జీపుని ముందరి చక్రాలు పైకెత్తి పట్టుకుపోయింది. జయరావు ఇనస్పెక్టరు వెంటపడి బతిమాలుతున్నాడు. ఇందాక కళ్ళొత్తుకుంటూ లోపలికెళ్ళిపోయిన కోటిరత్నం ఇప్పుడు పొగలు కక్కే కాఫీ తెచ్చి, తిన్నగా శ్రీకృష్ణ చేతిలో పెట్టింది.

"కాస్త మీరైనా చెప్పండి బాబూ" అంది రహస్యంగా. "పెద్ద ఆఫీసరు మీరే నోరు మెదపకుండా నిలబడితే, మీ గళ్ళచొక్కా గుమాస్తాకి అంత దూకుడెందుకంట?"