తాళంచెవి జేబులో పెట్టుకుని

ఆ రోజు ఉదయం తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధిలో జనం తిరగడం మొదలుపెట్టకముందే తన షాపు తాను తెరుస్తూ ఒక వీడియో తీయించుకోవాలి, దాన్ని మ్యాపు కంపెనీకి పంపాలి, ఇంటికెళ్ళి కాఫీ తాగాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. కాకపోతే ఆ వీడియో తీసేది ఆయన బావమరిది.

అసలు ఈ అవసరం తెచ్చిపెట్టిందీ ఆ బావమరిదే. మేస్త్రి షాపు ఏళ్ళ తరబడి ఫోన్‌ మ్యాపులో ఉంది. తాళంచెవి పోగొట్టుకుని సొంత గుమ్మం ముందు నిలబడిపోయిన మనిషి ఫోన్ తీసి వెతికితే, మొదట కనిపించేది మేస్త్రి షాపే. పేరు కింద నక్షత్రాలు, నక్షత్రాల కింద ‘నమ్మకమైన మనిషి’, ‘ఇల్లు ఎవరిదో తేల్చుకోకుండా తలుపు ముట్టుకోడు’ లాంటి మెచ్చుకోళ్ళు. మేస్త్రికి ఆ మాటలంటే ప్రాణం. తాళాలు తీసేవాడికి చేతిలో ఎంత పనితనమున్నా, మంచివాడన్న పేరు లేకపోతే ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. అందుకే తీరిక దొరికినప్పుడల్లా వాటిని పైకి చదువుకునేవాడు. భార్య వినలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అంతా సవ్యంగా సాగుతుంటే చూస్తూ కూర్చోలేని జబ్బు బావమరిదికి ఉంది. ఎక్కడో నాలుగు వీడియోలు చూసి, ‘డిజిటల్ సలహాదారు’ అని తనకు తానే బిరుదిచ్చుకున్నాడు. సలహా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు కాబట్టి అడగకుండానే ఇస్తుంటాడు. ఒక ఆదివారం అక్కగారింట్లో సుష్ఠుగా భోంచేసి, ఆ రుణం ఎలా తీర్చుకోవాలా అని ఆలోచించి, బావ ఫోన్ అందుకుని లిస్టింగులో షాపు పేరు మార్చేశాడు. బోర్డు మీద ‘తాళాల దుకాణం’ అని మాత్రమే ఉంటుంది. మ్యాపులో అది ‘నంబర్ వన్ తాళాల దుకాణం, ఏ తాళమైనా, ఏ వేళైనా, క్షణాల్లో, మీ ఇంటి పక్కనే’ అయింది. పేరు బోర్డుతో కలవడం లేదని మర్నాటికల్లా కంపెనీ ఆ లిస్టింగును సస్పెండ్ చేసి, మ్యాపులోంచి తీసేసింది.

ఆనాటి నుంచి షాపు ఫోన్ మూగబోయింది. ఎప్పుడైనా మోగిందంటే, మోగిందా లేదా అని కనుక్కోవడానికి ఇంటినుంచి భార్య చేసిందన్నమాట. మేస్త్రి అల్మారాలో తాళాలన్నీ దించి తుడిచాడు, సర్దాడు, మళ్ళీ దించి తుడిచాడు. ఇలాగే ఇంకొన్నాళ్ళు గడిస్తే షాపు ఎత్తేసి ఇంకొకరి దగ్గర పనికి కుదరాల్సిందేనని ఆయనకు తెలుసు. ఆ దిగులులో, చెడగొట్టినవాడినే పిలిచి బాగుచెయ్యమని అడిగాడు.

లిస్టింగు తిరిగి ఇవ్వడానికి కంపెనీ అడిగింది ఒక్క వీడియో. మధ్యలో ఆపకుండా తీయాలి. వీధి కనిపించాలి, బోర్డు కనిపించాలి, షాపు మీదేనని తెలిసేలా మీరే తెరవాలి, లోపల పనిముట్లు చూపించాలి. బావమరిది ఆ ఈమెయిల్ సగం చదివాడు. మిగతా సగం అతనికి చదవకుండానే అర్థమవుతుంది.

“బావా, ఈ టోపీ పెట్టుకో. ఈ కోటు కూడా వేసుకో,” అన్నాడు షట్టర్ ముందు నిలబడి. రెండూ నల్లవే.

“ఇవెందుకురా?”

“యూనిఫాం. కంపెనీవాళ్ళు యూనిఫాం చూస్తే కాస్త మర్యాదిస్తారు.”

మేస్త్రి టోపీ కళ్ళదాకా లాక్కుని, జేబులోంచి తాళంచెవి తీశాడు.

“ఆగాగు. తాళంచెవితో తీస్తావా?”

“మరి దేంతో తీస్తాను?”

“తాళంచెవితో మా అక్క కూడా తీస్తుంది. అందులో నీ గొప్పేముంది? నువ్వు తాళాల మేస్త్రివని వాళ్ళకెట్లా తెలియాలి? నీ పనితనం చూపించు బావా.”

పనితనం అనే మాట వింటే మేస్త్రి మనిషి కాడు. తాళంచెవి తిరిగి జేబులోకి వెళ్ళింది. సంచిలోంచి సన్నటి తీగ ఒకటి బయటికొచ్చింది. బావమరిది ఫోన్ సరిగ్గా పట్టుకునేలోపే తాళం ఊడి ఆయన అరచేతిలో పడింది.

“అబ్బ, అదిరింది. ఇప్పుడొకసారి అటూ ఇటూ చూడు. సహజంగా ఉంటుంది.”

మేస్త్రి సహజంగా అటూ ఇటూ చూశాడు. తర్వాత షట్టర్ పైకెత్తి, వంగి లోపలికి దూరి పనిముట్లు చూపించాడు. వీడియో వెళ్ళిపోయింది. షాపుకు మళ్ళీ తాళం వేసి ఇద్దరూ కాఫీకి ఇంటికెళ్ళారు.

మ్యాపు కంపెనీలో మాట్లాడే మనిషి దొరకడు గానీ, జవాబుకు మాత్రం కొదవ ఉండదు. ‘ఈ స్థలంలోకి ప్రవేశించే అధికారం మీకున్నట్టు ఈ వీడియో రుజువు చేయడం లేదు,’ అని వచ్చింది. బావమరిదికి పౌరుషం పొడుచుకొచ్చింది. కాఫీ పక్కన పెట్టి అప్పీలు రాశాడు. ‘అయ్యా, మా బావకు విడిగా అధికారం అక్కర్లేదు. ఈ ఊళ్ళో ఏ ఇంటి తలుపైనా, యజమాని ఉన్నా లేకపోయినా, తాళంచెవి లేకుండా తీయగల సమర్థుడు. కావాలంటే మరిన్ని వీడియోలు పంపగలం.’

మీ ఖాతాను అదనపు పరిశీలనకు పంపుతున్నామని కంపెనీ ఎంతో వినయంగా తెలియజేసింది.

“చూశావా, మన విషయం పైవాళ్ళ దాకా వెళ్ళింది,” అన్నాడు బావమరిది గర్వంగా.

“తమ్ముడూ, నువ్వింక ఆ ఫోన్ కిందపెట్టరా,” అంది మేస్త్రి భార్య. ఆ ఇంట్లో ఆ రోజు పలికిన తెలివైన మాట అదొక్కటే కావడంతో ఎవరూ పట్టించుకోలేదు.

ఈలోగా వీధిలో వేరే కథ నడుస్తోంది. మేస్త్రి షాపుకు ఎదురుగా లాండ్రీ ఉంది. తన గుమ్మంలో చెత్త పోసేదెవరో పట్టుకోవాలని లాండ్రీ ఆయన ఈమధ్యే కెమెరా పెట్టించుకున్నాడు. ఆ ఉదయం చెత్త దొరకలేదు గానీ, అంతకన్నా మంచిది దొరికింది. నల్లటోపీ మనిషి ఒకడు ఎదురుషాపు తాళం తీగతో తీసి, అటూ ఇటూ చూసి, వంగి లోపలికి దూరాడు. ఇంకొకడు దాన్ని ఫోన్లో తీస్తున్నాడు. లాండ్రీ ఆయన ఆ ముక్కను వీధి వ్యాపారుల గ్రూపులో పెట్టాడు. ‘దొంగల బరితెగింపు చూడండి. పైగా వీడియో కూడా తీసుకుంటున్నారు.’

శుభోదయం పువ్వులు తప్ప ఏమీ ఎరగని ఆ గ్రూపు ఒక్కసారిగా లేచి కూర్చుంది. కాఫీ ముగించి మేస్త్రి షాపుకొచ్చేసరికి వీధంతా అక్కడే ఉంది. కొందరు జాలిగా భుజం తట్టారు. పూలకొట్టు ఆవిడ కళ్ళొత్తుకుంది.

“ధైర్యంగా ఉండండి. మీ షాపులో దొంగలు పడ్డారు,” అంటూ లాండ్రీ ఆయన ఫోన్ చూపించాడు.

మేస్త్రి చూశాడు. వాడెవడో గానీ చేయి మాత్రం బాగా తిరిగినవాడని వెనకనుంచి ఎవరో అన్నారు. మేస్త్రి ముఖం ఒక్క క్షణం విప్పారింది. అక్కడే నోరు మూసుకుని ఉంటే బతికిపోయేవాడు. కానీ పాపం, నిజాయితీపరుడు.

“కంగారుపడకండి. అది నేనే.”

భుజం మీదున్న చేతులు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి.

“మరి తాళంచెవి లేదా మీ దగ్గర?” లాండ్రీ ఆయన నెమ్మదిగా అడిగాడు.

“ఉంది. జేబులోనే ఉంది.”

“తాళంచెవి జేబులో పెట్టుకుని తీగతో ఎందుకు తీశారు?”

మేస్త్రి నోరు తెరిచాడు. కంపెనీ, పనితనం, యూనిఫాం, బావమరిది అన్నీ కలిపి ఏదో చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయనకే నమ్మకం తగ్గిపోయింది. పూలకొట్టు ఆవిడ తన కొట్టు తాళం వైపు ఒకసారి చూసుకుంది. ఆ చూపు మేస్త్రి గుండెల్లో గుచ్చుకుంది. ఆవిడ ఇంటి తాళమూ, కొట్టు తాళమూ బిగించింది ఆయనే.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పోలీసాయన వచ్చాడు. అందరూ ఒకేసారి చెప్పింది విని, చెవి గోక్కుని, జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇదంతా రికార్డు చేస్తున్నా. వీధి మొదట్నుంచి నడు. ఇదే వీధా? ఆ బోర్డు నీదేనా? ఇది నీ షాపేనా? నిజం చెప్పు. ఇప్పుడు తాళంచెవితో తెరువు. నేను చెప్పేదాకా ఎక్కడా ఆగొద్దు.”

మేస్త్రి తాళంచెవి దూర్చి తిప్పాడు. తిరగలేదు. పొద్దున్న తీగ పెట్టినప్పుడు లోపల ఏదో వంగినట్టుంది. మళ్ళీ తిప్పాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

“సార్, తీగతో అయితే ఇప్పుడే తీసేస్తాను,” అన్నాడు మేస్త్రి దీనంగా.

పోలీసాయన ఫోన్‌ను ఆయన ముఖానికి ఇంకాస్త దగ్గరగా తెచ్చాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మేస్త్రి భార్య వచ్చింది. “ఏవండీ, షట్టర్ కిందికి తొక్కిపట్టి తిప్పండి. ఎన్నిసార్లు చెప్పాను, అది కాస్త పైకి లేచి ఉంటుందని?” అంది. మేస్త్రి తొక్కి తిప్పాడు. తాళం వచ్చింది. పోలీసాయన లోపలికి వెళ్ళి పనిముట్లూ, గోడకున్న లైసెన్సూ, దానిమీద ఫొటో, ఫొటో పక్కన మేస్త్రి ముఖమూ అన్నీ తీశాడు.

“షాపు ఈయనదే. వెళ్ళండి, పనులు చూసుకోండి,” అని వీధికి చెప్పి, మేస్త్రి వైపు తిరిగి, “సొంత షాపుకి కన్నం వేసినవాణ్ణి ఇదే చూడటం,” అన్నాడు.

అంతవరకూ కరెంటు స్తంభం చాటున ఉన్న బావమరిది అప్పుడు బయటికొచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. “సార్, ఆ వీడియో ఒకసారి నాకు పంపిస్తారా? వీధి, బోర్డు, తాళంచెవి, పనిముట్లు, ఎక్కడా ఆగలేదు. కంపెనీ అడిగింది అచ్చంగా ఇదే.”

పోలీసాయన అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పీడ విరగడవుతుందనుకున్నాడేమో, పంపించాడు. ‘ఇది నీ షాపేనా? నిజం చెప్పు’ అన్న గద్దింపుతో సహా ఆ వీడియో కంపెనీకి చేరింది. కంపెనీకి అది ఎంతో నచ్చింది. మీ యాజమాన్యం సందేహాతీతంగా రుజువైందని రాసి, లిస్టింగును, పాత పేరునూ, పాత నక్షత్రాలనూ ఎక్కడివక్కడ తిరిగి పెట్టింది. మేస్త్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పాత మెచ్చుకోళ్ళన్నీ మొదటినుంచి చదువుకున్నాడు. భార్య ఈసారి వంటింట్లోకి పోకుండా పక్కనే కూర్చుని విన్నది.

అయితే లాండ్రీ ఆయన పెట్టిన వీడియో అప్పటికే వీధి దాటి ఊరంతా తిరుగుతోంది. అందులో ఉన్నది మేస్త్రేనన్న మాట దానితోపాటే వెళ్ళింది గానీ, మేస్త్రి దొంగ కాదన్న సంగతి మాత్రం ఆ గ్రూపులోంచి బయటికి అడుగు పెట్టలేదు. శుభోదయం పువ్వుల కింద పడి కనిపించకుండా పోయింది.

ఫోన్ మోగడం మొదలైంది. ఆగకుండా మోగింది.

“ఆ వీడియోలో ఉన్నది మీరే కదండీ?”

“నేనే. కానీ నేను దొంగని కాదమ్మా.”

“సరేలెండి, అవన్నీ మాకెందుకు. చిటికెలో తీస్తారు కదా, వచ్చేయండి.”

ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా ఇదే మాట. మేస్త్రి కథంతా మొదట్నుంచి చెప్పేవాడు. వాళ్ళు మధ్యలోనే నవ్వి, కన్నుగీటి, లోపలికి రమ్మనేవారు. ఒకాయనైతే పాత పని మానేసి దారికొచ్చినందుకు అభినందించి కుర్చీ వేశాడు. ఇన్నేళ్ళు కష్టపడి కాపాడుకున్న పేరు ఇలా పోయిందని మేస్త్రి ఇంటికొచ్చి తల పట్టుకున్నాడు.

“మంచివాడిగా ఉన్నన్నాళ్ళూ మీకింత గిరాకీ లేదు కదండీ,” అంది భార్య. అది ఓదార్పో కాదో ఆయనకు తెలియలేదు.

ఆ సాయంత్రం లిస్టింగు తెరిచి చూసుకుంటే అన్నిటికన్నా పైన కొత్త మెచ్చుకోలు కనిపించింది. ఎవరో పెద్దావిడ అయిదు నక్షత్రాలూ ఇచ్చి, ‘మనిషి దొంగే గానీ, పనిలో మాత్రం చాలా నిజాయితీ,’ అని రాసింది. దాని కింద షాపు తరఫున బావమరిది అప్పటికే జవాబిచ్చేశాడు: ‘మీ నమ్మకానికి కృతజ్ఞతలు. మీ ఇంటికి మళ్ళీ వచ్చే అవకాశం ఇవ్వగలరు.’