నార్వే యాత్రకు చవకైన డిష్

మనిషి ఇల్లు విడిచి ప్రకృతి ఒడిలోకి వెళ్ళదలచుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవలసిన సంగతి, ఆ ఒడిలో టీవీ వస్తుందా రాదా అన్నది. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అనే చిల్లర ప్రశ్నలు తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఇది నా అభిప్రాయం కాదు. ఓల్డెన్‌బుర్గ్ దగ్గర మా ఊళ్ళో వెలసిన 'హుంటె నదీతీర చక్రాల గృహస్థుల సంఘం' (రిజిస్టర్డు) వారి నియమావళి సారాంశం.

మా ఆయన ఎవాల్ట్ నీటి సరఫరా ఆఫీసులో రిటైరయ్యాక ఒక చక్రాల ఇల్లు కొన్నాడు. మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే. కొన్నది నాకోసమేనని అందరికీ చెప్పాడు, అది నిజం కూడా. నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో నడివేసవి సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి సముద్రం అంచుదాకా దిగి, ఏదో మరిచిపోయినవాడిలా మళ్ళీ పైకి వెళ్తాడు. కాలేజీలో భూగోళం చదివిన నాటినుంచి నాకు అది చూడాలని. జూలై సగానికల్లా ఆ వైభవం ముగిసిపోతుంది. సూర్యుడికి మా సంఘంలో సభ్యత్వం లేదు గనక మా సమావేశాల కోసం ఆగడు.

మే నెలలో ఒక ఉదయం, "ఇక బయలుదేరదామా?" అన్నాను.

"డిష్ లేకుండానా?" అన్నాడు ఎవాల్ట్, చొక్కా వేసుకోకుండా పెళ్ళికి రమ్మన్నట్టు నాకేసి చూసి.

"అక్కడ సూర్యుడుంటాడు కదా."

"సూర్యుడు సరే. మరి ఎనిమిది గంటల వార్తల సంగతో?"

కొనవలసింది చవకైన డిష్ అని ఇద్దరం ఒప్పుకున్నాం. (చవక అంటే, సంఘం నిర్వచనం ప్రకారం, బావమరిది కొన్నదానికంటే తక్కువ ధరకు వచ్చి, వాడిదానికంటే బాగా పనిచేసేది.) బజారులో అన్నిటికంటే చవకైనది పెట్టెలో మడిచి పెట్టుకునే రకం. ముక్కాలి మీద నిలబెట్టి, ఒకరు బయట తిప్పుతుంటే ఇంకొకరు లోపల తెర చూస్తూ కేకలు వెయ్యాలి. ఎవాల్ట్ ఒకటి అరువు తెచ్చి పెరట్లో పరీక్షించాడు, తాను బయట, నేను లోపల.

"వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడో?"

"వచ్చింది! పోయింది. అక్కడే ఉండవయ్యా బాబూ!"

"అక్కడే అంటే ఎక్కడ?"

"ఇందాక ఉన్నచోట!"

"ఇందాక నేను తుమ్మాను!"

ఈ పద్ధతికి చట్టపరమైన చిక్కు కూడా ఒకటుంది. క్యాంపుల్లో మధ్యాహ్నం ఒంటిగంటనుంచి మూడింటిదాకా నిశ్శబ్దం పాటించాలి. 'ఇంకాస్త ఎడమకి' అన్నది సంభాషణా, చప్పుడా? సంఘం రెండు సమావేశాలు దీనికే కేటాయించి, ఆ వేళల్లో దంపతులు గుసగుసగా అరుచుకోవచ్చునని తీర్మానించింది.

రెండోది పీటలా బల్లపరుపుగా ఉండే రకం. చూడ ముచ్చటగా ఉంటుంది గాని, గట్టిగా గాలి వీస్తే తాను ఎవరికేసి చూస్తోందో మరిచిపోతుంది. మూడోది కప్పు మీద కూర్చునే స్వయంచాలకం. మీట నొక్కితే తల ఎత్తి, చుట్టూ కలయజూసి, ఉపగ్రహాన్ని అదే పట్టుకుంటుంది. దాని ధర విన్నవాళ్ళు కూడా సరిగ్గా అలాగే తల ఎత్తి, చుట్టూ కలయజూస్తారు.

ఎటూ తేలక, వ్యవహారం సంఘంలో ఉపగ్రహ కార్యదర్శి హాయో ముందుకు వెళ్ళింది. (ఆ పదవికి ఆయన ఏటా ఏకగ్రీవంగా ఎన్నికవుతాడు. పోటీ చేస్తే ఎందుకు చెయ్యకూడదో ఆయన వివరిస్తాడని అందరికీ భయం.) శనివారం మధ్యాహ్నం, కాఫీ, వెన్న కేకు, సభ్యులందరూ హాజరు.

"ఫ్రౌ లూబెన్, ఇంతకూ మీ ప్రయాణం ఎక్కడికి?" అని హాయో నన్నడిగాడు.

"లోఫోటెన్‌కి."

కేకు ముక్కలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"అమ్మా, మన ఉపగ్రహం దక్షిణాన ఉంటుంది," అన్నాడు హాయో, రోగి బంధువులతో డాక్టరు మాట్లాడే గొంతుతో. "మీరు ఉత్తరానికి పోయేకొద్దీ సిగ్నల్ పలచబడుతూ వస్తుంది. అంత పైన అందుకోవాలంటే చాలా పెద్ద డిష్ కావాలి. చవక అన్నమాట మీరు మరిచిపోవాలి."

"పోనీ, దక్షిణానికే వెళ్తే?" అన్నాడు ఎవాల్ట్.

గది మొత్తం తేటపడింది. "బవేరియాలో బొమ్మ అద్దంలా ఉంటుందోయ్!" అన్నారొకరు. "చిన్న డిష్ చాలు!" అన్నారు మరొకరు.

"బవేరియాలో సూర్యుడు అస్తమిస్తాడండీ," అన్నాను.

"అస్తమిస్తే మంచిదే కదమ్మా," అన్నాడు హాయో. "తెర మీద ఎండ పడదు."

సభ్యులు బల్ల మీద పిడికిళ్ళతో తట్టి హర్షం తెలిపారు. (మా వైపు చప్పట్లకు బదులు ఇదే. చేతులు నొప్పెట్టవు, కప్పులు మాత్రం ఎగురుతాయి.)

కానీ ఎవాల్ట్ మాట తప్పే మనిషి కాడు. నార్వే అన్నాడు గనక నార్వేయే, పెద్ద డిష్షేనన్నాడు. పెద్ద డిష్‌కు స్తంభం కావాలి. సముద్రపు గాలికి స్తంభం పడిపోకుండా కింద ఇనుప దిమ్మలు కావాలి. తిప్పే మోటారుకు బ్యాటరీ, ఆ బ్యాటరీ దిగిపోతే ఇంకో బ్యాటరీ కావాలి. అప్పుడు అధ్యక్షురాలు గెజీనె కళ్ళజోడు సవరించుకుని, బండి మొత్తం మూడున్నర టన్నులు దాటరాదన్న నిబంధనను గుర్తుచేసింది.

తగ్గింపులు మొదలయ్యాయి. మంచినీళ్ళ తొట్టి సగమే నింపాలన్నారు. నా సైకిలు దించారు, నా పుస్తకాలు దించారు, రెండు మడత కుర్చీల్లో ఒకటి దించారు. (ఏ కుర్చీ అన్నది చర్చకు రాలేదు.) అయినా ఒక నడివయసు మనిషి బరువంత అదనంగా మిగిలిపోయింది. అందరూ పనిగట్టుకుని నాకేసి చూడటం మానేశారు.

"నేనెవరినీ అనడం లేదు," అన్నాడు హాయో. "కానీ తనంతట తాను నడిచి దిగగలిగిన సామాను బండిలో ఒక్కటే ఉంది."

"ఛ, ఏం మాటలవి!" ఎవాల్ట్ నాకేసి చెయ్యి చూపిస్తూ లేచి నిలబడ్డాడు. "ఆల్ముట్ లేకపోతే ఎలా? లోపల కూర్చుని వచ్చిందో పోయిందో చెప్పేదెవరు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా గురించి నలుగురిలో అన్న మాటల్లో ప్రేమకు ఇంత దగ్గరగా వచ్చినది ఇంకోటి లేదు. విషయం ఉపసంఘానికి వెళ్ళింది.

ఉపసంఘం జూన్ నెలాఖరుకు, తాను ఏర్పడినట్టు ధ్రువీకరించింది. నేను రైలు టికెట్టు కొనుక్కున్నాను.

స్టేషనులో ఎవాల్ట్ జున్ను పెట్టిన రొట్టెల పొట్లం చేతికిచ్చాడు. "ఇంకొక్క పది రోజులు ఆగరాదూ? డిష్‌ల మీద తగ్గింపు పెడతారట."

"అక్కడ సూర్యుణ్ణి కూడా తగ్గించేస్తారు, ఎవాల్ట్."

"పంతం నీకు!" అన్నాడు. రైలు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, పాపం.

నేను దీవులకు చేరిన రోజే ఫోను చేశాడు. తగ్గింపు ముందే పెట్టారట, డిష్ వచ్చిందట, బండికి బిగించారట, హాయో స్వయంగా లోపల కూర్చుని కేకలు వేశాడట. "బొమ్మ ఎంత బాగా వస్తోందనుకున్నావ్! మన వాకిట్లోనే! కదిలిస్తే మళ్ళీ ఇంత బాగా కుదరదేమోనని బండి కదపలేదు."

ఆ రాత్రి సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. రాత్రి అనడం అలవాటుకొద్దీ. నీళ్ళ అంచునే మా దేశపు చక్రాల ఇళ్ళు వరసగా బారులు తీరి ఉన్నాయి. ఉత్తరాన ఎర్రటి సూర్యుడు సముద్రాన్ని తాకీ తాకనట్టు నిలబడ్డాడు. డిష్‌లన్నీ ఆయనకు వీపు పెట్టి దక్షిణానికి చూస్తున్నాయి. కిటికీలకు దట్టమైన తెరలు వేసి ఉన్నాయి, ఎండ లోపలికి రాకుండా. నేను వెనకున్న చిన్న మిట్ట ఎక్కి, ఆ కప్పుల మీదుగా చూస్తూ నిలబడ్డాను. ఎప్పటినుంచో దాచుకున్న కన్నీళ్ళు కాబోలు, నన్నడగకుండానే వచ్చాయి.

ఎదురుగా ఒక తలుపు తెరుచుకుంది. మేజోళ్ళ మీద చెప్పులు తొడుక్కున్న పెద్దమనిషి దిగాడు. అది మా దేశపు జాతీయ వేషం గనక, ఆ కాళ్ళు చూస్తేనే మావాడని తెలిసిపోయింది.

"ఏమండీ, మీరు మన దేశం వారేనా?"

"అవునండీ."

"హమ్మయ్య, అయితే అర్థం చేసుకుంటారు. కాస్త పక్కకి జరుగుతారా? సిగ్నల్ ఇక్కడ నేలబారుగా వస్తుంది. మీ తల అడ్డం పడుతోంది."

"సూర్యుణ్ణి చూస్తున్నానండీ."

ఆయన వెనక్కి తిరిగి, పక్కింటివాళ్ళ బిడ్డను చూసినట్టు మర్యాదకు ఒక్క క్షణం చూశాడు. "బాగానే ఉన్నాడు. కానీ ఆయన ఎటూ పోడు కదండీ. వాతావరణ వార్తలే, ఇప్పుడు పోతే మళ్ళీ రావు."

నేను పక్కకి జరిగాను. రేపు ఎండ ఉంటుందో లేదో వాళ్ళకు తెలియాలి కదా.