నొప్పి ఎవరి పేరున ఉంది

నెల తప్పిన నాటి నుంచి ఆడదాని ఒంట్లో పుట్టే ప్రతి నొప్పీ కడుపులో బిడ్డ పేరుకు మారిపోయే ఆ ఊళ్లో, ఝాన్సీ అన్నిటికన్నా ఎక్కువగా భయపడింది ఒక్కదానికే: తన నొప్పి తనదేనని తేలేలోపు తాను చచ్చిపోతుందని, కడుపులోదీ తనతోనే పోతుందని, రెండేళ్ల కూతురు తన్వి గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుందని.

ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. అలవాటైపోయింది. పన్ను నొప్పి అని వెళ్తే పళ్ల డాక్టరు పంటిని చూడడు, బిడ్డకు కాల్షియం రాస్తాడు. తలనొప్పి అంటే బిడ్డకు నిద్ర చాల్లేదని జోల పాడించి పంపుతారు. కాన్పు అయ్యాక నొప్పులన్నీ తిరిగి తల్లి పేరుకే వస్తాయి గానీ, అప్పటికి వాటి సంగతి అడిగేవాళ్లుండరు.

ఐదో నెలలో ఒక పొద్దున్న ఝాన్సీకి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి అది కుడివైపుకు జరిగి అక్కడే కూర్చుంది. తిన్నది ఇమడలేదు. ఒళ్లు వెచ్చబడింది.

"వేడి చేసిందే అమ్మాయ్," అంది అత్తగారు మంగతాయారు, సబ్జా నీళ్ల గ్లాసు అందిస్తూ. "బిడ్డకి చలవ చెయ్యాలి. తాగు."

"బిడ్డకేం కాలేదత్తయ్యా. నొప్పి నాకు."

"అదే అంటున్నా. నీకంటే బిడ్డకేగా."

భర్త వీరబాబు పొట్ట మీద చెయ్యేసి చూశాడు. "తంతున్నాడేమో. మా ఇంట్లో అందరం బాగా తన్నేవాళ్లమంట."

"లోపలున్నది ఎడమవైపు తంతోందండి. నొప్పి కుడివైపు. ఆటో మీరు పిలుస్తారా, నన్ను పిలుచుకోమంటారా?"

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిపించినా ఝాన్సీకి కుడీ ఎడమా బాగానే తెలుసు. అయితే వర్జ్యం పోయేదాకా కదలకూడదని మంగతాయారు ఆపింది. వర్జ్యం పోయాక దుర్ముహూర్తం వచ్చింది. ఆటో ఎక్కేసరికి మర్నాడైంది.

పెద్దాసుపత్రిలో నొప్పుల కౌంటరు దగ్గర కూర్చున్నాయన చాలా మర్యాదస్తుడు.

"నొప్పి ఎవరిదమ్మా?"

"నాదండి."

"ఎన్నో నెల?"

"ఐదండి."

"మరి నాదంటారేంటమ్మా. బిడ్డదనాలి. ఏం నొప్పి?"

"ఇరవై నాలుగ్గంటల నొప్పనుకుంటానండి. మా పిన్నికీ ఇలాగే వస్తే అపెండిక్స్ అని కోసి తీశారు."

"ఎప్పుడు మొదలైంది?"

"నిన్న పొద్దున్న."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "ఇంకాసేపట్లో గడువు అయిపోతుంది. ఆ బల్ల మీద కూర్చోండి." వెనక నిలబడ్డవాళ్లు ఆ లెక్క సరిగ్గానే ఉందన్నట్టు తలలూపారు.

ఝాన్సీ కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనని ఆమెకు తెలుసు. ఆ దారిన వెళ్తున్న సర్జన్ డాక్టర్ హసీనాకు అడ్డంగా నిలబడి, "ఇక్కడ ఒక్కసారి నొక్కి చూడండి డాక్టరమ్మా, బిడ్డ సంగతి తర్వాత అడుగుదురుగాని," అంది. డాక్టరమ్మ నొక్కి చూసింది. స్కాన్ తీయించింది.

"అపెండిక్సే. బాగా వాచింది. గర్భం పెరిగేకొద్దీ అది చోటు మారి పైకి జరుగుతుంది, అందుకే నొప్పి ఇంత పైన. ఇప్పుడే తీసెయ్యాలి."

"కడుపుతో ఉన్నదాన్ని కోస్తారటమ్మా?" అంది మంగతాయారు.

"కొయ్యకపోతే అది పగులుతుందండి. పగిలితే ఇద్దరికీ ప్రమాదం. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తాం. బిడ్డ జోలికి వెళ్లం."

కౌంటరాయన అడ్డు చెప్పలేదు. నొప్పి ఎవరి పేరున ఉందో వాళ్లు ఒప్పుకోవాలని మాత్రం గుర్తు చేశాడు. అది న్యాయమే కాబట్టి బిడ్డను విచారించాలని తీర్మానించారు. గుండె చప్పుడు వినే యంత్రం పొట్ట మీద పెట్టారు. ఆయన గొంతు సవరించుకుని, "ఈ నొప్పి మీదేనాండి?" అని అడిగాడు.

లోపలి నుంచి జవాబు రాబోతుండగా నర్సు గబగబా అందరి చెవుల్లో దూది పెట్టింది. గొంతు వింటే ఆడో మగో తెలిసిపోతుంది, అది చట్టానికి విరుద్ధం. వీరబాబు ఒక చెవి ఖాళీగా ఉంచుకోబోయాడు గానీ నర్సు ఊరుకోలేదు. బిడ్డ చాలాసేపు, చాలా స్పష్టంగా మాట్లాడింది. విన్నది ఝాన్సీ ఒక్కతే, తన ఒంట్లోంచే. ఆమె సొంత నొప్పి కాబట్టి ఆమె సాక్ష్యం చెల్లదు.

"తన్నమనండి," అంది ఝాన్సీ, అందరూ దూది తీశాక, బల్ల అంచు పట్టుకుని. "ఒకసారి తంతే అవును. రెండుసార్లు తంతే కాదు. త్వరగా కానివ్వండి."

నొప్పి మీదా అంటే రెండు తన్నులు. నాన్నగారిదా అంటే రెండు తన్నులు. నాయనమ్మగారిదా అంటే రెండు, కొంచెం గట్టిగా. కౌంటరాయన నుదురు తుడుచుకున్నాడు. "ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదే," అన్నాడు.

"అమ్మదా అని అడగండి," అంది డాక్టర్ హసీనా.

ఆ ప్రశ్న ఆయన తన ఉద్యోగంలో ఎప్పుడూ అడగలేదు. డాక్టరమ్మ అన్న మాటలనే మెల్లగా తిరిగి పలికాడు.

ఒక్క తన్ను.

"విన్నారుగా," అంది ఝాన్సీ. "పదండి డాక్టరమ్మా."

ఆపరేషన్ ముగిసేంతవరకు ఆ నొప్పిని తాత్కాలికంగా ఝాన్సీ పేరుకు మార్చారు. వీరబాబు సంతకం పెట్టాడు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందని, పగలకముందే తీసేశామని డాక్టర్ హసీనా బయటికొచ్చి చెప్పింది. బిడ్డ గుండె ముందెలా కొట్టుకుందో తర్వాతా అలాగే కొట్టుకుంది. ఝాన్సీ కళ్లు తెరిచి మొదట ఎడమవైపు తడుముకుంది. లోపలున్నది కదిలింది. ఆ తర్వాతే తన్విని తెమ్మంది.

తాత్కాలికం ముగిసింది కాబట్టి, కుట్ల నొప్పి సంతకం పెట్టినవాళ్ల పేరున పడింది. వీరబాబు పక్క మంచం మీద పడుకున్నాడు. చుట్టాలు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చి ఆయన తల దగ్గర పెట్టి, పాపం చిక్కిపోయాడన్నారు. మంగతాయారు కొడుకుకు జావ తాగించింది. ఝాన్సీ గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి, వచ్చినవాళ్లకు కుర్చీలు జరిపింది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు, ఝాన్సీకి కూడా. బతికింది, బిడ్డ బతికింది, తన్వి కాళ్లకు చుట్టుకుని నిలబడింది. మిగతాది ఎవరి పేరున ఉంటేనేం.

ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. పక్క వాటాలో ఉండే సులోచనకు ఏడో నెల. కొద్దిరోజులుగా పంపు దగ్గరికి రావడం లేదు. వేడి చేసిందని, సబ్జా నీళ్లు పట్టిస్తున్నామని వాళ్లాయన చెప్పాడు. కుట్లు ఆరేదాకా ఝాన్సీ ఆ వాటా మెట్లు ఎక్కే స్థితిలో లేదు. మీకు కాళ్లు బాగానే ఉన్నాయి కదా, ఒక్కసారి వెళ్లి ఆ తలుపు కొట్టండి. మీ పక్క వాటాలోనూ ఒక సులోచన ఉంటే ఆ తలుపూ కొట్టండి. బిడ్డ ఎలా ఉందని అడగకండి, అది అందరూ అడుగుతారు. ఆమెకు ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. ఆమె చెయ్యి ఎక్కడ పెట్టి చూపిస్తుందో చూసి రండి.