రొయ్యల షేర్లకు కలరా

ఎనభై ఆరు వేసవిలో ఒక ఉదయం, వన్ టౌన్‌లో టోపీలూ అత్తర్లూ అమ్ముకునే నజీర్ అహ్మద్ తన షేర్లు అమ్మేద్దామని తీర్మానించుకున్నాడు. 'సాగరలక్ష్మి' అనే రొయ్యల ఎగుమతి కంపెనీవి అవి. కొన్నప్పటికి ఇప్పటికి ధర రెట్టింపయింది. ఆ డబ్బుతో భార్య ఖైరున్నీసాను అజ్మీరు దర్గాకు తీసుకెళ్లాలని ఆయన ఆశ. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ అడిగింది అదొక్కటే. ముందే చెబితే సరదా పోతుందని దాచిపెట్టాడు.

తీరా బయల్దేరే వేళకు ఖైరున్నీసా రెండుసార్లు వాంతి చేసుకుంది. ముందురోజు తగరపువలస పెళ్లిలో బిర్యానీ అడిగి మరీ వడ్డించుకున్న ఫలితం.

"నాకేటీ అవలేదండీ. ఓ నిమ్మకాయ తెచ్చిచ్చి మీ పనికి మీరెళ్లండి" అని పడుకుంది.

నజీర్ వీధి మలుపులో ఎల్లారావు సోడాకొట్టుకు పరిగెత్తాడు.

"బావా, నిమ్మకాయలియ్యి. మీ సెల్లికి వాంతులు."

"అయ్యో, ఎన్నయ్యాయి?"

"రెండు."

సోడా తాగుతున్న పెద్దమనిషికి ఆ రెండు ఇద్దరుగా వినిపించింది. చేపల మార్కెట్ చేరేసరికి ఇద్దరు పదిమందయ్యారు. హార్బరు గేటు దగ్గర వాంతులకు కలరా అని పేరు పెట్టారు.

భార్యకు నిమ్మరసం తాగించి, షేర్ల దళారీ అర్జునరావు ఇంటికి నజీర్ వెళ్లేసరికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. అందరూ కాగితాలు ఊపుతూ అరుస్తున్నారు.

"ఏటైంది?" అని పక్కనున్న ఓ కొత్తమనిషిని అడిగాడు.

"వన్ టౌన్‌లో కలరా అండీ! కలరా ఊరి రొయ్యని జపానోడు ముట్టుకుంటాడేటి? సాగరలక్ష్మి పడిపోతంది. సెలైన్ సీసాల కంపెనీ మాత్రం లేస్తంది."

"ఎవరికొచ్చిందటా?"

"మొదట ఎవరో టోపీల సాయిబుగారి ఇంట్లో ఆవిడకంట. కష్టమేనంటన్నారు."

నజీర్ జనాన్ని తోసుకుంటూ అర్జునరావు వైపు నడిచాడు. తన నోటి మాటే ఊరంతా తిరిగి తన దగ్గరకొచ్చిందని ఆయనకు తట్టలేదు. ఇంతమంది అంటుంటే నిజమే అయ్యుంటుంది, తనే నిమ్మకాయతో సరిపెట్టేశాడు అనుకున్నాడు.

"అర్జునరావు గారూ, నావన్నీ అమ్మేయండి."

"ఇప్పుడేటండీ, పావు ధర కూడా రాదు. కొన్నాళ్లు ఓపిక పట్టండి."

"డాక్టరు కావాలండి, టాక్సీ కావాలి. ఎంతొస్తే అంత!"

"మీ అదృష్టం. కొనే మనిషి ఒక్కరే ఉన్నారు, లోపల కూర్చున్నారు" అంటూ అర్జునరావు అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టాడు.

డాక్టరును వెతికి పట్టుకుని టాక్సీలో ఇల్లు చేరేసరికి, ఖైరున్నీసా గుమ్మంలో కూర్చుని పెరుగన్నం తింటోంది. పక్కన చేపలమ్మే చిట్టమ్మ. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, "ఈవిడకు కలరా లేదు, ఆకలి ఉంది" అని ఫీజు పుచ్చుకుని అదే టాక్సీలో వెళ్లిపోయాడు.

"కలరా మనిషిని నానేనని సిట్టమ్మ సెప్పిందండీ" అని ఖైరున్నీసా పకపకా నవ్వింది. "నాను బాగానే ఉన్నాను కదా, మరింక కలరా ఎక్కడిది? మీ రొయ్యల షేర్లు సవగ్గా వస్తన్నాయంటే, నా సీటీపాట డబ్బులిచ్చి సిట్టమ్మని పంపాను. ఇంకొన్నుంటే మీరు సంతోషిస్తారని. ఎవడో పిచ్చోడు మొత్తం అమ్మేసుకున్నాడంట, అన్నీ మనకే వచ్చాయి!"

నజీర్ మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ పిచ్చోణ్ణి నానే."

"మీరా! ఎందుకమ్మేశారు?"

"నీకు కలరా అన్నారు. ఆ షేర్లు నిన్ను అజ్మీరు తీసుకెళ్దామని దాచినవి. నువ్వే లేకపోతే అజ్మీరెందుకు?"

ఖైరున్నీసా నవ్వు ఆగిపోయింది. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. చిట్టమ్మ గంప సర్దుకుని చడీచప్పుడు లేకుండా జారుకుంది. ఖైరున్నీసా ఒక ముద్ద కలిపి మొగుడి చేతిలో పెట్టి, "పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా" అంది.

వారం తిరక్కుండా కలరా లేదని తేలి, షేరు లేచి కూర్చుంది. మొగుడూ పెళ్లాలు అజ్మీరు వెళ్లారు. అమ్మినందుకు భర్త దగ్గరా, కొన్నందుకు భార్య దగ్గరా కమీషన్ తీసుకున్న అర్జునరావు స్టేషనుకు వచ్చి మరీ టాటా చెప్పాడు.